చెవి యొగ్గుట దానమా, ఋణమా?

లోకమున దానములు అనేకములు చెప్పబడినవి. అన్నదానము, విద్యాదానము, గోదానము, భూదానము మున్నగువాని మహిమను పురాణములు వేనోళ్ల కొనియాడినవి. అయితే ఒకడు తన మాట చెప్పుకొనవలెనని ఎదుట నిలిచినపుడు, చేతిలోని పనిని ప్రక్కనబెట్టి, అతని మాట ముగియువరకు వినుట ఏ కోవలోనికి వచ్చును? అది దానమైనచో చేసినవానికి పుణ్యము. చేయనివానికి పాపము లేదు. ఋణమైనచో తీర్చినవానికి ప్రత్యేకమైన పుణ్యమేమియు లేదు. తీర్చనివానికి మాత్రము దోషము కలదు. మీమాంసకుల పరిభాషలో చెప్పవలెనన్న, ఇది కామ్యకర్మయా, నిత్యకర్మయా అన్న విచారణము. పైకి చిన్నదిగా కనిపించినను, పదిమందిపై అధికారము గల ప్రతివాడును కార్యాలయమునందైన, కర్మాగారమునందైన, కడకు తన ఇంటియందైన ప్రతిదినము ఎదుర్కొనుచున్న ప్రశ్న ఇదియే.

నేడు హైదరాబాదు, బెంగుళూరు వంటి నగరములలోని సాఫ్టువేరు సంస్థలలో ‘వన్ ఆన్ వన్’ అను ఒక ఆచారము కలదు. విదేశములకు వెళ్లిన మన పిల్లలందరికి ఇది పరిచితమే. మేనేజరు తన క్రింద పనిచేయువారిలో ఒక్కొక్కరితో వారమునకో, పక్షమునకో ఒకమారు అరగంటసేపు విడిగా కూర్చుండి మాటలాడవలెను. మూడవవాడు అక్కడ ఉండరాదు. తలుపు మూసిన గదిలోనైన సరే, కంప్యూటరు తెరపై ఒకరి ముఖమొకరు చూచుకొనుచునైన సరే. ఆచారము మంచిదే. దానికి పట్టుచున్న గతియే విచారింపదగినది. మేనేజరు క్యాలెండరులో ఆ అరగంట వ్రాయబడియే యుండును. ఇంతలో పై అధికారినుండి పిలుపు వచ్చును. ఆ దినపు పనులలో మొదట రద్దగునది ఆ అరగంటయే. ఒకవేళ జరిగినను, మేనేజరు కన్ను ఫోనుమీద నుండగా, “ఆ పని ఎంతవరకు వచ్చినది? ఎప్పటికి ముగియును?” అన్న రెండు ప్రశ్నలతో అది ముగిసిపోవును. ఇట్లు కొన్ని నెలలు గడచిన పిమ్మట ఒకనాడు ఆ ఉద్యోగి రాజీనామా పంపును. “ఇంతకాలము నాతో ఒక్కమాటయైన చెప్పలేదేమి!” అని మేనేజరు విస్తుపోవును. అతడు చెప్పుటకు సిద్ధపడి వచ్చిన దినములు ఎన్ని రద్దైనవో ఆయనకు గుర్తుండదు. రద్దుచేసినవానికి అది క్యాలెండరులో చెరిపిన ఒక గీత. ఎదుటివానికి అది తన స్థానమేమియో తెలిపిన వార్త.

ఇట్టి అధికారులను అడిగినచో వచ్చు సమాధానమొక్కటే: “తీరిక లేదు.” ఆ మాట అబద్ధము కాదు. పనుల ఒత్తిడి నిజముగనే యున్నది. కాని తీరిక లేనివారు ఈ కాలమున క్రొత్తగా పుట్టినవారు కారు. కౌటిల్యుని అర్థశాస్త్రమున రాజు దినచర్య ఎట్లుండవలెనో చెప్పబడినది. ఎన్నియో శతాబ్దములు కనుమరుగై, 1905లో మైసూరున శామశాస్త్రిగారికి తాళపత్ర ప్రతిగా లభించి, 1909లో ముద్రణ పొందిన గ్రంథమిది. అందు పగటిని ఎనిమిది భాగములు, రాత్రిని ఎనిమిది భాగములు చేసినారు. భాగమొక్కటికి ఇప్పటి లెక్కలో గంటన్నర. పగటి మొదటి భాగమున రక్షణోపాయములు, ఆదాయ వ్యయములు. రెండవ భాగమున పౌర జానపదుల కార్యములను చూడవలెను. మూడవ భాగమున స్నాన భోజన స్వాధ్యాయములు. నాలుగవ భాగమున ధనమును స్వీకరించి, ఆయా శాఖల అధ్యక్షులకు పనులు నియమింపవలెను. ఏనుగులు, గుఱ్ఱములు, సేనాపతి మున్నగువారి వంతు తరువాత వచ్చును. శత్రువు సరిహద్దులో నున్నను, బొక్కసము వట్టిపోయినను, చెప్పుకొనుటకు వచ్చినవాని వంతు పగటి రెండవ భాగముననే గాని అన్నిటికిని చివర కాదు. తన శక్తిని బట్టి రాజు ఈ విభాగమును మార్చుకొనవచ్చునని కూడ కౌటిల్యుడే అన్నాడు. మార్చుకొనుట వేరు, ఎగవేయుట వేరు.

ఇక లెక్క చూడుడు. ఒక మేనేజరు క్రింద పదిమంది యున్నారనుకొందము. ఒక్కొక్కనికి వారమునకు అరగంట చొప్పున 5 గంటలు. వారపు పని 40 గంటలన్నచో ఇది ఎనిమిదింట ఒక వంతు. కౌటిల్యుడు రాజు పగటినుండి ప్రజలకు కేటాయించినదియు సరిగా ఎనిమిదింట ఒక వంతే. ఇది కాకతాళీయమే కావచ్చును. దీనినిబట్టి సిద్ధాంతము చేయనక్కరలేదు. కాని సామ్రాజ్యము నడుపువానికి సాధ్యమని శాస్త్రకారుడు తలచినంత కాలము, పదిమంది గుంపును నడుపువానికి దొరకదనుట మాత్రము నమ్మశక్యము గాకున్నది.

అదే అధ్యాయమున మరియొక మాట గలదు. కార్యార్థులై వచ్చినవారిని రాజు ద్వారముకడ నిలువబెట్టరాదు. దర్శనము దొరకని రాజు చేయవలసినదానికిని చేయరానిదానికిని తారుమారు జరుగును. తారుమారు చేయువారెవరు? ఎల్లప్పుడు ఆయన చెంతనుండు కొలదిమంది. అందువలన ప్రజలకు కోపము వచ్చును, లేదా రాజు శత్రువునకు వశుడగును. శాస్త్రకారుని చూపు ఎంత నిశితమైనదో గమనింపవలెను. వినని రాజు చెవి ఖాళీగా ఉండదు. దగ్గరగా చేరగలిగినవాడు దానిని నింపును. ఇప్పటి కార్యాలయములలోను అంతియే. అందరితోను విడివిడిగా మాటలాడని అధికారి ఎవరితోను మాటలాడనివాడు కాడు. సాయంకాలము తనతో కాఫీ త్రాగువానితో మాటలాడును.

పాశ్చాత్యులలో ఈ విషయమును నిక్కచ్చిగా ఆలోచించిన కార్యదక్షుడొకడున్నాడు. ఆండ్రూ గ్రోవ్ 1936లో హంగేరీ రాజధానియగు బుడాపెస్టులో పుట్టి, 1956 నాటి తిరుగుబాటు తరువాత దేశము విడిచి, 1957లో అమెరికా చేరెను. 1968లో ఇంటెల్ సంస్థ ప్రారంభమైన తొలిదినమునుండి అందు పనిచేసి, 1987లో దానికి ముఖ్యాధికారియై, 2016లో కాలధర్మము చెందెను. ఆయన 1983లో ‘హై అవుట్‌పుట్ మేనేజ్‌మెంట్’ అను గ్రంథమును ప్రకటించెను. అందు ఈ ముఖాముఖి సంభాషణమును గూర్చి చెప్పిన విషయములలో ముఖ్యమైనది, ఆ సమావేశము పైవానిది కాదు, క్రిందివానిది అనుట. ఏమి మాటలాడవలెనో నిర్ణయించి, వ్రాసికొని తెచ్చువాడు క్రిందివాడు. పైవాని పని వినుట, అడుగుట. గంటకు తక్కువైనచో, కొంచెము చిక్కైన విషయమును ఎత్తుటకు క్రిందివానికి ధైర్యము చాలదని ఆయన అభిప్రాయము. చెప్పవలసినది అయిపోయినదని తోచినపుడు సైతము ఇంకొక ప్రశ్న అడుగుమని ఆయన సలహా. పైవాడు వెచ్చించు గంటన్నర క్రిందివాని రెండు వారముల పనిని, అనగా 80 గంటలకు పైబడిన పనిని, మెరుగుపరచగలదని ఆయన లెక్కకట్టెను.

ఈ లెక్క వ్యాపారి లెక్క, తప్పుపట్టవలసినది కాదు. కాని వినుటవలన లాభమున్నది గనుక వినుమన్నచో, లాభము లేనినాడు మానవచ్చునని కూడ అర్థము వచ్చును. ఋణమని తేలవలెనన్న వేరొక హేతువు కావలెను.

ఆ హేతువు పని స్వభావములోనే యున్నది. ఒక పెద్ద పనిని ముక్కలుగా విభజించి, ఒక్కొక్క ముక్కను ఒక్కొక్కని ఎదుట నుంచినవాడు యజమానుడు. తన ముక్క తప్ప తక్కినవి క్రిందివానికి కనిపించవు. తాను చేయుచున్నది దేనికి ఉపయోగపడుచున్నదో, తప్పుగా చేయుచున్నాడో ఒప్పుగా చేయుచున్నాడో, తనకు తోచిన సందేహము సరియైనదో కాదో తెలిసికొనుటకు అతనికి మరియొక మార్గము లేదు. తోటివానిని అడిగిన వానిదియు అదే అజ్ఞానము. ఈ చీకటిని సృష్టించినది పనివాడు కాదు, పని పంచినవాడు. కావున దీపము తెచ్చుట అతని ఔదార్యము కానేరదు. “జీతమిచ్చుచున్నాము గదా, ఇంకేమి ఋణము?” అని అడుగువారుందురు. జీతము చేసిన పనికి మూల్యము. క్రిందివాడు పనిలో కనిపెట్టిన లోపము, రానున్న ప్రమాదపు జాడ, ఇట్లు చేసిన మేలన్న ఊహ, వీనికి ఏ జీతపు పట్టికలోను పద్దు లేదు. అవి నోటిమాటగా పైకి రావలసినవే. వానిని కోరుకొనుచు, వచ్చుటకు దారి మూసినవాడు మూల్యమియ్యకయే సరుకు కావలెనన్నవానితో సమానుడు.

“సభలు జరుపుచునే యున్నాము, అందరి ఎదుటను చెప్పవచ్చును గదా” అన్నది రెండవ ఆక్షేపము. దీనికి కిష్కింధాకాండమే సమాధానము. దక్షిణ సముద్రతీరమున వానరులు సభ తీర్చినారు. అంగదుడు అడుగగా ఒక్కొక్కడు లేచి తన శక్తి చెప్పినాడు. గజుడు 10 యోజనములన్నాడు, గవాక్షుడు 20 అన్నాడు. అట్లు పెరిగి పెరిగి జాంబవంతుడు 90 అన్నాడు. అంగదుడు తాను 100 దాటగలనుగాని తిరిగి రాగలనో లేదో అన్నాడు. సభ చక్కగా జరిగినది. ప్రతివాడును నిజమే చెప్పినాడు. పని మాత్రము తెమలలేదు. ఏలన, దాటగలవాడు నోరు విప్పక ఒక ప్రక్కన ఒంటిగా కూర్చుండి యున్నాడు. అడిగినది అందరిని, కాన తన్ను అడిగినట్లు అతనికి తోచలేదు. జాంబవంతుడు ఆ కూర్చున్నవానివైపు తిరిగి, పేరు పెట్టి పిలిచి, నీవేల ఊరకున్నావని పలుకరించి, అతని జన్మవృత్తాంతమునుండి ఎత్తుకొని చెప్పినాడు. అప్పుడు గదా హనుమంతుడు పెరిగినది! ఇక్కడ గోడలు లేవు, తలుపులు లేవు, చుట్టును వేలకొలది వానరులున్నారు. అయినను ఆ మాట ఒక్కనితో ఆడిన మాటయే. కావున ఏకాంతమనగా నిర్జనప్రదేశమని మాత్రమే అర్థము చెప్పరాదు. చెప్పువాని దృష్టియంతయు ఎదుటివాని యందుండుటయే అందు ప్రధానము. గది తలుపు మూసి, మనస్సు తలుపు తెరచిపెట్టుకొన్నవాని సంభాషణము అంగడిలో జరిగినట్లే.

ఇంతవరకు ఒప్పుకొన్నవారిలో ఒక వర్గమునకు వేరొక తెగులు పట్టును. వారు చక్కగా విందురు, తలయూపుదురు, ఏమియు చేయరు. ఈ భాగమే అన్నిటికంటె చిక్కైనది.

అమెరికాలో షికాగో నగరమునకు చేరువనున్న సిసెరోలో, టెలిఫోను పరికరములు చేయు వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థవారి హాథార్న్ కర్మాగారముండెడిది. అక్కడ 1924 నుండి 1932 వరకు పనివారి ప్రవర్తనపై పరిశోధనలు జరిగినవి. అందొక భాగముగా 1928–1930 నడుమ 21,000 మందికి పైగా పనివారిని ఒక్కొక్కరినిగా కూర్చుండబెట్టి మాటలాడించినారు. మొదట ప్రశ్నల జాబితా పట్టుకొని అడిగిరి. పనివారు ఆ ప్రశ్నలను దాటి తమ మనస్సులోని మాటకే పోవుచుండిరి. అందుచేత ప్రశ్నలను మానివేసి, వాదింపక, సలహా చెప్పక, వినుటయే నియమముగా పెట్టుకొనిరి. అంతవరకు అరగంటలో ముగియుచుండిన సంభాషణము గంటన్నరకు పెరిగినది. ఇందొక ముచ్చట ప్రసిద్ధము. పనిచేయు ఒక స్త్రీ కర్మాగారపు భోజనశాలలోని ఆహారము బాగుండలేదని చాలసేపు చెప్పుకొన్నది. కొన్ని దినముల తరువాత ఆ విన్న ఉద్యోగి కనబడగా, ఇంత త్వరలో భోజనము బాగుచేయించినందుకు కృతజ్ఞత తెలిపినది. నిజమునకు భోజనమున ఏ మార్పును జరుగలేదు.

దీనిని చూచి సంతోషింపవలెనా, భయపడవలెనా? చెప్పుకొన్నంతమాత్రమున మనోభారము తగ్గుట సత్యమే. దుఃఖము పంచుకొన్న తగ్గునని మన ఇండ్లలోని పెద్ద ముత్తైదువులకును తెలియును. కాని ఈ సత్యము యజమానుల చేతిలో ఆయుధము కాగలదు. కూర మార్చుటకంటె చెవి నిచ్చుట చవుకయని తెలిసినచో, కూర ఎవరు మార్తురు? హాథార్న్ పరిశోధనలను తరువాతి కాలమున కొందరు పండితులు ఈ కారణముననే ఆక్షేపించినారు. ఆ ఆక్షేపణము న్యాయమైనదే. అక్కడ విన్నవారికి కూర మార్చు అధికారము లేదు. అధికారముండి, మార్చవలెనన్న తలంపు లేక, ఊరడించుటకు మాత్రమే వినువాడు ఋణము తీర్చుటలేదు. పత్రము తిరుగ వ్రాసి వడ్డీ ఎగవేయుచున్నాడు.

వినుటలో ధృతరాష్ట్రునికంటె ఓపికగలవాడెవ్వడు? సంజయుడు రాయబారమునుండి తిరిగివచ్చి, రేపు సభలో చెప్పెదనని వెడలిపోగా, ఆ రాత్రి ముసలిరాజునకు నిద్ర పట్టలేదు. విదురుని పిలిపించినాడు. మూడవవాడు లేడు. తీరిక లేదనలేదు; నడుమ అడ్డు తగులలేదు; విసుగుకొనలేదు; ఇంకను చెప్పుమని అడిగినాడు. విదురుడు రాజధర్మము, గృహధర్మము, మూఢుని లక్షణము, పండితుని లక్షణము, ధర్మరాజు భాగము ఇచ్చివేయవలసిన ఆవశ్యకత, సమస్తమును చెప్పినాడు. విదురనీతియని లోకమున ప్రసిద్ధికెక్కినది ఆ రాత్రి సంభాషణమే. తుదకు రాజేమన్నాడు? నీవు చెప్పినదెల్ల యథార్థమే, నా బుద్ధియు అట్లే యున్నది, కాని దుర్యోధనుడు ఎదుటబడగానే అది తిరిగిపోవుచున్నదని అన్నాడు. వినుటకు సంబంధించిన గుణములన్నియు ఆ ఒక్క రాత్రి ఆయనయందుండినవి. పదునెనిమిది అక్షౌహిణులు నశించుటకు అవి అడ్డుపడలేదు.

సమీపకాలమున ఇట్టి రాత్రి ఒకటి గడచినది. 1986 జనవరి 27న అమెరికాలో ‘ఛాలెంజర్’ అంతరిక్షనౌకను మరునాడు పంపనున్నారనగా, దాని రాకెట్లను నిర్మించిన మార్టన్ థయోకాల్ సంస్థ ఇంజనీర్లు, మిక్కుటమైన చలిలో రాకెట్టు అతుకులలోని రబ్బరు వలయములు సరిగా పనిచేయవని టెలిఫోను సమావేశమున హెచ్చరించిరి. వారిలో రోజర్ బోయ్‌జొలీ అంతకు ఆరు నెలలకు ముందే, 1985 జులైలో, లిఖితపూర్వకముగా తెలిపియుండెను. వారి మాటలు వినబడలేదనుటకు వీలులేదు. పటములతో, అంకెలతో చెప్పినారు, పైవారు విన్నారు. పిమ్మట పైవారు కొంతసేపు తమలో తాము మాటలాడుకొని నిర్ణయమును మార్చిరి. మరునాటి ఉదయము నౌక పైకెగసిన 73 సెకనులకు విచ్ఛిన్నమై ఏడుగురు మరణించిరి.

అట్లైన విన్న ప్రతిదానిని ఒప్పుకొనవలెనా? అట్లు కాదు. ఆ అర్థమే సరియైనచో భగవద్గీతయే పుట్టియుండదు. రెండు సేనల నడుమ రథమును నిలిపిన తరువాత అర్జునుడు తన శోకమును, భయమును, వాదమును ఎడతెగక చెప్పుకొన్నాడు. ఆ మొదటి అధ్యాయమంతటిలో శ్రీకృష్ణస్వామి పలికినది, ఈ కూడిన కురువీరులను చూడుమన్న ఒక్క మాట మాత్రమే. యుద్ధము మొదలు కాబోవు సమయమది; శంఖములు మ్రోగినవి. అంతకంటె తీరికలేని ఘడియ ఉండునా? అయినను విల్లు జారవిడిచి కూర్చున్నవాని మాట పూర్తియగువరకు స్వామి వినినాడు. విని, అర్జునుడు కోరినది ఒప్పుకొనలేదు. ఎందుకు ఒప్పుకొనలేదో సావకాశముగా చెప్పినాడు. అర్జునుడు మరల మరల అడిగిన ప్రశ్నలకు విసుగక బదులిచ్చినాడు. అంతయు చెప్పి, బాగుగా విమర్శించుకొని నీ ఇష్టము వచ్చినట్లు చేయుమని నిర్ణయమును అతనికే విడిచినాడు. కావున ఋణము తీరుట కోరిక తీర్చుటచేత కాదు. కాదనిన ఎందుకు కాదో చెప్పవలెను. ఔననిన చేయవలెను. “చూచెదము” అను మాట ఈ రెంటిలో దేనికిని చెందదు. కార్యాలయములలో అదియే ఎక్కువగా వినబడుట విచిత్రము.

ఏకాంతమున విన్నదానిని ఏమి చేయవలెనన్నది మరియొక ధర్మసూక్ష్మము. క్రిందివాడు తన ఇంటి కష్టమునో, తోటివానితోడి తగవునో, తన అశక్తతనో చెప్పుకొన్నచో, అది మరునాడు నలుగురి నోళ్లలో నానరాదు. సంవత్సరాంతమున జీతపు పెంపుదల నిర్ణయించువేళ అతనిమీద ప్రయోగింపబడరాదు. ఒకమారు అట్లు జరిగినచో, తరువాత ఎన్ని అరగంటలు కేటాయించినను ఎదుట వచ్చి కూర్చుండునది మనిషి కాదు, సిద్ధము చేసికొన్న సమాధానములు. అయినను దాచుటకు ఒక హద్దున్నది. తోటివారికి ప్రాణహానియో, సంస్థకు మోసమో జరుగుచున్నదని చెప్పినచో, వినినవాడు రహస్యమను పేరిట ఊరకుండరాదు. “ఈ మాట నాయొద్ద నిలువదు, పైకి చెప్పవలసియుండును” అని అక్కడికక్కడే తెలుపుట ఋజుమార్గము.

ఏకాంతమునకు మాట యిచ్చుట ఎంత బరువైనదో ఉత్తరకాండ కథ చెప్పును. కాలుడు తాపసవేషమున అయోధ్యకు వచ్చి, శ్రీరామునితో విడిగా మాటలాడవలెననెను. నడుమ వచ్చి చూచినవాడు, వినినవాడు వధ్యుడని నియమము పెట్టెను. శ్రీరాముడు ద్వారపాలకుని పంపివేసి లక్ష్మణునే వాకిట నిలిపెను. సరిగా అప్పుడే దుర్వాసుడు వచ్చి, తక్షణమే రాముని చూడవలెననియు, కాదన్న రాజ్యమును వంశమును శపింతుననియు హుంకరించెను. అందరు నశించుటకంటె తానొక్కడు పోవుట మేలని తలచి లక్ష్మణుడు లోపలికి వెళ్లెను. శ్రీరాముడు కాలుని వీడ్కొలిపి వచ్చి చూడగా, మహర్షి కోరినది ఉపవాసాంతమున భోజనము! ఆ భోజనమునకై నియమము భంగమైనది. లక్ష్మణస్వామి త్యాగమునకు గురియై సరయూతీరమునకు వెళ్లవలసి వచ్చినది. అవతార సమాప్తికై జరిగిన దైవసంకల్పమది. మానవుల కార్యాలయములకు దానిని పోల్చుట సాహసమే. అయినను వాకిట నిలిచి “ఇప్పుడే, ఈ క్షణమే” యని హుంకరించు పనులలో ఎన్ని నిజముగా రాజ్యనాశకములో, ఎన్ని గడియసేపు ఆగగల భోజనములో మేనేజర్లు అప్పుడప్పుడు లెక్క చూచుకొనుట మంచిది.

ఒక్కొక్కనితో విడిగా మాటలాడుటవలన పక్షపాతము, చాడీలు పెరుగునన్న భయము కూడ కొందరికి కలదు. ఆ భయము నిర్మూలము కాదు. అందుకే కౌటిల్యుడు మంత్రులను విడివిడిగాను అడుగుము, అందరిని కూర్చియు అడుగుము, అభిప్రాయముతోపాటు హేతువును కూడ రాబట్టుము అన్నాడు. విడిగా చెప్పినదానిని కలిసినపుడు చెప్పలేకపోవుట, కలిసి ఒప్పుకొన్నదానిని విడిగా కాదనుట, ఈ రెండును పక్కపక్కన పెట్టి చూచినవానికే వాస్తవము తెలియును.

గృహస్థులు దీనిని తమకు సంబంధించని కార్యాలయ విషయముగా తలపరాదు. ఉద్యోగమున పదిమందికి వంతులవారీగా అరగంట యిచ్చి, ఇంటికి వచ్చి కుమారుని “పరీక్షలెట్లు వ్రాసితివి?” అని అడిగి, బదులు వచ్చులోపల వార్తాపత్రిక విప్పువారెందరో కలరు. ప్రశ్న అడిగినాము గదా, విచారించితిమి గదా అని వారి నమ్మకము.

ఈ నమ్మకమును గూర్చి ఆలోచించువారు అయోధ్యాకాండమున చిత్రకూట ఘట్టమును మరల ఒకమారు చదువవలెను. జటావల్కలములు ధరించి, కృశించి, వివర్ణమైన ముఖముతో భరతుడు వచ్చి పాదములపై పడినాడు. శ్రీరామచంద్రుడు లేవనెత్తి, కౌగిలించుకొని, తొడపై కూర్చుండబెట్టుకొని, నాయనా, తండ్రిగారు ఎక్కడ, ఆయనను విడిచి నీవీ అరణ్యమునకు ఎట్లు వచ్చితివి అని మొదట అడిగినాడు. అడిగి, సమాధానమునకు ఆగలేదు. గురువులను పూజించుచున్నావా, మంత్రాలోచన ఒక్కడవే చేయుట లేదు గదా, మరీ అనేకులతోను చేయుట లేదు గదా, సేనకు జీతభత్యములు కాలమునకు అందుచున్నవా, నిరపరాధులు దండింపబడుట లేదు గదా అని ప్రశ్నలు వరుసగా సాగినవి. అవి లోకమునకు రాజధర్మము బోధించుటకై స్వామి అడిగినవని పెద్దలందురు, అది నిజము. నేటికిని పాలకులకు అంతకు మించిన పాఠ్యగ్రంథము లేదు. కాని కథలో ఒడిలో కూర్చున్న తమ్ముడు అంతసేపును గుండెలో ఒక్క వార్తను మోయుచునే యున్నాడు. ఆ ప్రశ్నలన్నియు ముగిసిన తరువాత, ధర్మము తప్పిన నాకు రాజధర్మముతో ఏమి పని యని మొదలుపెట్టి, తండ్రిగారు పరమపదించిన సంగతి అప్పుడు చెప్పినాడు. శ్రీరాముడు గొడ్డలితో నరకిన చెట్టువలె నేలకొరిగినాడు. అందరికంటె ముందు అడిగిన ప్రశ్నకు అన్నిటికంటె చివర సమాధానము వచ్చినది.